నొప్పి విలువ చెప్పిన డాక్టరు

చలికాలం వచ్చిందంటే సీతంపేట కొండల మీద గూడెం గూడెంలో నెగళ్ళు వెలుగుతాయి. రాత్రి పొద్దుపోయేదాకా చుట్టూ కూర్చుంటారు. పెద్దవాళ్ళు కొందరు ఆ సెగ దగ్గరే ఒరిగి నిద్రపోతారు. ఆ రోజుల్లో మా ఆసుపత్రికి పాదాల మీద బొబ్బలతో ఒకరిద్దరైనా వస్తుంటారు. కాలు ఎప్పుడు కాలిందంటే చెప్పలేరు. తెల్లారి చూసుకుంటే బొబ్బ ఉందంటారు. నొప్పి ఉందా అంటే లేదంటారు, అదేదో మంచి కబురైనట్టు నవ్వుతూ.

వాళ్ళు నవ్వినప్పుడే మాకు భయం వేస్తుంది. నిప్పు సెగ తగిలితే నిద్రలో ఉన్నా కాలు దానంతట అదే ముడుచుకోవాలి. ముడుచుకోలేదంటే ఆ పాదానికి కబురు మోసే నరం పాడైందన్నమాట. కొందరిలో దానికి కారణం షుగరు, కొందరిలో కుష్ఠు. పోడులోనో అనాస తోటలోనో కత్తి జారి మణికట్టు దగ్గర నరం తెగినవాళ్ళూ ఉంటారు. అందరి ఇళ్ళవాళ్ళూ అడిగేది ఒక్కటే. పాడైన నరం మళ్ళీ వస్తుందా? శరీరంలో కరిగిపోయే గొట్టాలు పెట్టి నరాలు అతికిస్తున్నారట కదా, మావాడికీ పెట్టించవచ్చా?

మీ ఇంట్లోనూ అరికాళ్ళు మొద్దుబారిన అమ్మానాన్నలు ఉండవచ్చు. అందుకే ఈ ప్రశ్నకు జవాబును ఒక మనిషి జీవితం చెబుతూ చెప్పాలనుకుంటున్నాను. ఆయన పేరు పాల్ బ్రాండ్. మనవాళ్ళు రాయవేలూరు అని పిలుచుకునే వేలూరులో, క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో దాదాపు ఇరవై ఏళ్ళు పనిచేసిన సర్జన్. పోయి ఇరవై ఏళ్ళు దాటింది. స్పర్శ పోయిన పాదాలకు ఈరోజుకీ ప్రపంచమంతా చేసే వైద్యంలో ఆయన చెయ్యి ఉంది.

కొండల్లో పుట్టినవాడు

పాల్ బ్రాండ్ తల్లిదండ్రులు ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీలు. ఆయన మాత్రం పుట్టింది మన తూర్పు కనుమల్లోనే. సీతంపేటను ఆనుకుని ఉన్న ఈ కొండల వరసే విడివిడిగా దక్షిణానికి సాగి తమిళనాడులోకి వెళుతుంది. అక్కడ సేలం వైపున్న కొల్లి కొండల్లో 1914 జులై 17న ఆయన పుట్టారు. అప్పట్లో ఆ కొండ మీదికి బండి దారి లేదు. మలేరియా విపరీతం. తండ్రి జెస్సీ బ్రాండ్ కొద్దిపాటి వైద్యం నేర్చుకుని వచ్చినవాడు. పళ్ళు పీకేవాడు, పుళ్ళకు కట్లు కట్టేవాడు. నారికురుపు పురుగును పుల్లకు చుట్టి కొద్దికొద్దిగా బయటికి లాగేవాడు. తల్లి ఎవలిన్ ఆయనకు తోడుగా ఉండేది.

చిన్నప్పటి ఒక దృశ్యం పాల్‌కు జీవితాంతం గుర్తుండిపోయింది. ఒకరోజు వాళ్ళ ఇంటికి ముగ్గురు మనుషులు వచ్చారు. వేళ్ళు అరిగిపోయి, కాళ్ళకు పుళ్ళతో ఉన్నారు. ఎవరికీ జంకని తండ్రి ఆరోజు చేతులకు తొడుగులు వేసుకుని మరీ కట్లు కట్టాడు. పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. వాళ్ళు వెళ్ళాక వాళ్ళు తాకిన బుట్టను తగలబెట్టారు. కుష్ఠు అంటే ఆ రోజుల్లో చదువుకున్నవాళ్ళకూ అంత భయం.

తొమ్మిదో ఏట పాల్‌నూ చెల్లెలినీ చదువు కోసం ఇంగ్లండు పంపారు. తండ్రిని ఆయన మళ్ళీ చూడలేదు. 1929లో మలేరియా ముదిరి, మూత్రం నల్లగా మారే బ్లాక్‌వాటర్ జ్వరంతో జెస్సీ బ్రాండ్ కొండ మీదే చనిపోయారు. చావు కబురు తంతిలో ముందే చేరింది. ఆయన అంతకుముందు రాసి ఓడలో వేసిన ఉత్తరాలు మాత్రం ఆ తర్వాత కూడా కొడుకుకు అందుతూనే ఉన్నాయి.

తాపీ పని నుంచి డాక్టరీకి

చీము, నెత్తురు చూసి పెరిగిన ఆ కుర్రాడికి డాక్టరు కావాలని లేదు. పదహారో ఏట బడి మానేసి ఇళ్ళు కట్టే పనిలో చేరాడు. వడ్రంగం, రాతి పని, తాపీ పని నేర్చుకున్నాడు. తండ్రిలాగే కొండ ఊళ్ళలో ఇళ్ళు కట్టాలన్నది కోరిక. మిషన్ పనికి వెళ్ళేవారి కోసం పెట్టిన చిన్నపాటి వైద్యపు కోర్సులో చేరినప్పుడు, పోయే ప్రాణం కళ్ళముందే రక్తం ఎక్కించగానే తిరిగి రావడం చూశాడు. మనసు మారింది. లండన్‌లో వైద్య విద్యలో చేరి, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడుతున్న ఊళ్ళోనే చదువు పూర్తిచేసి 1943లో డాక్టరయ్యారు. అదే ఏడు తోటి విద్యార్థిని మార్గరెట్‌ను పెళ్ళి చేసుకున్నారు. తర్వాత ఆమె కుష్ఠు రోగుల కళ్ళను కాపాడడంలో పేరు తెచ్చుకున్నారు.

ఈ వడ్రంగం సంగతి ఎందుకు చెప్పానంటే, ముందు ముందు ఆయన చేసిన వైద్యంలో సగం పనివాడి బుర్రతో చేసిందే. ఏ తాడు ఎటు లాగుతోంది, బరువు ఎక్కడ పడుతోంది, ఏ వస్తువు ఎక్కడ అరుగుతోంది అన్న చూపు డాక్టరీ పుస్తకాల్లోంచి వచ్చింది కాదు.

నొప్పి పుట్టించిన కరచాలనం

1946లో బ్రాండ్ వేలూరు వచ్చారు. మరుసటి ఏడు డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ ఆయన్ను చెంగల్పట్టులోని కుష్ఠు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ ఎవరిని చూసినా వేళ్ళు కొక్కేల్లా వంకర తిరిగిన చేతులే. పోలియోకూ, యుద్ధ గాయాలకూ చేతులు సరిచేసే సర్జన్లు అప్పటికే ఉన్నారు. ఈ చేతుల వంక మాత్రం ఎవరూ చూడలేదు. కుష్ఠులో మాంసం కుళ్ళిపోతుంది, కోసినా గాయం మానదు అన్న నమ్మకమే కారణం.

బ్రాండ్ ఒక కుర్రాడి చేతిలో చెయ్యి పెట్టి గట్టిగా నొక్కమన్నారు. ఆ వంకర వేళ్ళు ఆయన చేతిని పట్టకారులా బిగించాయి. నొప్పికి కేక పెట్టవలసి వచ్చింది. ఆ నొప్పిలోనే ఆయనకు ఒక విషయం తట్టింది. ఈ చెయ్యి చచ్చిపోలేదు. ముంజేతిలో మంచి బలమున్న కండరాలు ఇంకా ఉన్నాయి. కొన్ని మాత్రమే పడిపోయాయి.

తర్వాత వేలమంది చేతులూ కాళ్ళూ పరీక్షించారు. పక్షవాతం అందరిలోనూ ఒకే పద్ధతిలో వస్తోంది. కుష్ఠుతో చనిపోయిన ఒకరి శరీరాన్ని పరీక్షించినప్పుడు కారణం కనిపించింది. మోచెయ్యి వెనక, మణికట్టు దగ్గర, మోకాలి పక్కన, చీలమండ లోపలి వైపున, అంటే నరం చర్మానికి దగ్గరగా వచ్చే చోట్లలోనే అది ఉబ్బి ఉంది. లోతుగా, కండల మధ్య వెచ్చగా ఉన్న చోట బాగానే ఉంది. కుష్ఠు సూక్ష్మజీవికి చల్లటి చోటే ఇష్టం. ఆ చోట్ల వాపు వచ్చి నరం నలిగిపోతుంది. దాని కింద ఉన్న కండరాలు, స్పర్శ పోతాయి. అంటే వేళ్ళు వంకర పోవడానికి మాంసం కారణం కాదు, నరం.

నలిగి చచ్చుబడిన నరాన్ని బతికించే దారి ఆయనకు లేదు. అందుకని వడ్రంగిలా ఆలోచించారు. బలంగా ఉన్న కండరం తాలూకు టెండన్‌ను, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటి దాన్ని, ఒక చోట విప్పి పడిపోయిన వేళ్ళకు కట్టారు. 1948లో మొదటి ఆపరేషన్లు జరిగాయి. గాయాలు అందరిలాగే మానాయి. కొత్తగా కట్టిన టెండన్‌తో వేళ్ళు ఎలా కదపాలో నెలల తరబడి నేర్పారు. ముద్ద కలపలేని చేతులు అన్నం కలిపాయి.

కానీ ఆపరేషన్ అయినవాళ్ళలో కొందరు తిరిగి వచ్చి కొత్త కష్టం చెప్పుకున్నారు. చెయ్యి బాగుపడ్డాక బిచ్చం వేసేవాళ్ళు తగ్గారు, కుష్ఠు మచ్చ ఉందని పని ఇచ్చేవాళ్ళు లేరు. చెయ్యి ఒక్కటే బాగుచేస్తే చాలదని బ్రాండ్‌కు అప్పుడు తెలిసింది. 1951లో కాలేజీ ఆవరణలోనే కొత్త జీవితం అన్న అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న కేంద్రం పెట్టారు. అక్కడ తనకు తెలిసిన వడ్రంగం నేర్పించారు. చెక్క బొమ్మలు చేసి అమ్ముకోవడం మొదలైంది.

వేళ్ళు ఎక్కడికి పోతున్నాయి

అసలు చిక్కు ఆ కేంద్రంలోనే ఎదురైంది. మందు పనిచేస్తోంది, ఆపరేషన్ బాగుంది, అయినా వేళ్ళు కురచవుతూనే ఉన్నాయి. కుష్ఠు వేళ్ళను తినేస్తుందని జనమంతా నమ్మారు. చాలామంది డాక్టర్లూ అదే నమ్మారు.

ఒకరోజు సామాన్ల గది తాళం తుప్పుపట్టి రాలేదు. బ్రాండ్ ఎంత తిప్పినా తిరగలేదు. పక్కనున్న పదేళ్ళ పిల్లాడు తాళంచెవి అందుకుని ఒక్క తిప్పు తిప్పాడు. తాళం వచ్చింది. ఇంత బలం ఎక్కడిదని ఆశ్చర్యపోతుండగానే నేల మీద రక్తపు చుక్క పడింది. చూస్తే పిల్లాడి వేలు ఎముక కనిపించేలా తెగి ఉంది. వాడికి తెలియనే లేదు. మనకైతే చర్మం నొక్కుకుపోగానే నొప్పి వేసి చెయ్యి వదిలేస్తాం. ఆ పిల్లాడికి వదిలెయ్యమని చెప్పే కబురు చేరలేదు.

అప్పటినుంచి ప్రతి గాయానికీ కారణం వెతకడం నియమం చేశారు. సుత్తి పిడిలో చీలిక, పొయ్యి మీది వేడి గిన్నె, చెప్పులో దూరిన మేకు. ఒక్కో గాయానికీ ఒక్కో మామూలు కారణం దొరికింది. రాత్రి పడుకునేటప్పుడు ఉన్న వేలి ముక్క తెల్లారేసరికి లేకపోవడం మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. ఒకరిని రాత్రంతా కాపలా కూర్చోబెడితే తెలిసింది. ఎలుక వచ్చి వేలు కొరుకుతోంది. నొప్పి లేదు కాబట్టి మనిషి నిద్ర లేవడం లేదు. ఆ తర్వాత అక్కడినుంచి ఇంటికి వెళ్ళేవారికి పిల్లిని ఇచ్చి పంపడం ఆనవాయితీ అయింది.

చదివి నవ్వుకోకండి. వైద్య చరిత్రలో పెద్ద మలుపు ఇది. కుష్ఠులో వేళ్ళు వాటంతట అవి రాలిపోవు. నరం పోతుంది, నొప్పి పోతుంది, నొప్పి లేని చేతిని మనిషే తెలియకుండా పాడుచేసుకుంటాడు. కారణం తెలిసిన గాయాన్ని ఆపవచ్చు.

ఒక రాత్రి ఆయనకూ వచ్చిన భయం

1953లో అమెరికా ప్రయాణం ముగించుకుని బ్రాండ్ లండన్ చేరారు. ఒంట్లో బాగాలేదు, రైల్లో చాలాసేపు ముడుచుకుని కూర్చున్నారు. రాత్రి మేజోళ్ళు విప్పుతుంటే ఒక మడమలో స్పర్శ లేదనిపించింది. సూది తీసి గుచ్చుకున్నారు. తెలియలేదు. ఏళ్ళ తరబడి కుష్ఠు రోగుల మధ్య గడిపిన మనిషి ఏమనుకుంటాడు? ఆ రాత్రంతా నిద్ర లేదు. భార్యకూ పిల్లలకూ దూరంగా బతకాలేమోనని ఆలోచిస్తూ పడుకున్నారు. తెల్లారి లేచి మళ్ళీ సూది గుచ్చారు. చురుక్కుమంది. ఆనందంతో కేక పెట్టారు. రైల్లో నరం నొక్కుకుపోయి కొన్ని గంటలు మొద్దుబారిందంతే.

ఈ సంఘటనలో మన ప్రశ్నకు సగం జవాబుంది. నరం దెబ్బలన్నీ ఒకటి కావు. నొక్కుకుపోయిన నరం గంటల్లోనో వారాల్లోనో కోలుకుంటుంది. వాచిన నరానికి త్వరగా మందు పడితే చాలామందిలో తిరిగి పనిచేస్తుంది. పూర్తిగా తెగిన నరం దానంతట అది కలవదు. కరిగిపోయే గొట్టం మాట వచ్చేది ఇక్కడే.

నరానికి దారి వేసే గొట్టం

నరాన్ని కరెంటు తీగలా ఊహించుకోండి. పైన తొడుగు, లోపల వందల వేల సన్నని పోగులు. తెగినప్పుడు కింది వైపు పోగులు కొద్ది రోజుల్లో చచ్చిపోతాయి, తొడుగు మాత్రం ఖాళీగా మిగులుతుంది. పై వైపు నుంచి కొత్త పోగులు మొలకెత్తి ఆ ఖాళీ తొడుగులోకి దూరి ముందుకు సాగాలి. రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున, అంటే నెలకు అంగుళం. మణికట్టు దగ్గర తెగితే వేలి కొసకు స్పర్శ చేరడానికి ఆరు నెలలు పడుతుందన్నమాట.

రెండు కొసలూ దగ్గరగా ఉంటే సర్జన్ మైక్రోస్కోపు కింద కుడతారు. మధ్యలో కొంత నరం నలిగిపోయి ఎడం వస్తే లాగి కుట్టకూడదు. అప్పుడు కాలి పిక్క వెనక నుంచి ఒక స్పర్శ నరాన్ని తీసి అతుకు వేస్తారు. దీనివల్ల పాదం పక్కన కొంత మేర మొద్దుబారుతుంది. ఒకచోట బాగుకు ఇంకోచోట నష్టం. దీన్ని తప్పించడానికే గొట్టాలు వచ్చాయి.

ఆలోచన కొత్తది కాదు. జర్మనీలో థెమిస్టోక్లెస్ గ్లుక్ అనే సర్జన్ 1880 ప్రాంతంలోనే సున్నం తీసేసిన ఎముక గొట్టంతో ప్రయత్నించారు. ఫలించలేదు. తర్వాత సిలికాన్ గొట్టాలు వచ్చాయి. అవి కరగవు కాబట్టి పని అయ్యాక నరాన్నే నొక్కేవి, తీసెయ్యడానికి మళ్ళీ ఆపరేషన్ కావాలి. కరిగిపోయే పదార్థాలతో ఆ చిక్కు తీరింది. కాన్పు ఆపరేషన్లలో వేసే కరిగిపోయే కుట్లు మీకు తెలిసే ఉంటాయి. అలాంటి దారం చేసే పాలీగ్లైకాలిక్ ఆసిడ్‌తోనే ఒక రకం గొట్టం చేస్తారు. ఇంకో రకం పశువుల నుంచి తీసిన కొల్లాజెన్‌తో చేస్తారు. మన కోస్తాలో కుప్పలుగా పారేసే రొయ్యల పెంకులు, పీతల పెంకుల నుంచి వచ్చే కైటోసాన్‌తోనూ చేస్తున్నారు.

తెగిన రెండు కొసలనూ ఈ గొట్టంలో అటూ ఇటూ దూర్చి కుడతారు. లోపల ఊరిన ద్రవం పేరుకుని సన్నని వంతెనలా అవుతుంది. నరానికి సాయం చేసే కణాలు ఆ వంతెన మీద పాకుతాయి, వాటి వెనకే పోగులు వస్తాయి. బయటి కండ, మచ్చ లోపలికి రాకుండా గొట్టం అడ్డుకుంటుంది. పదార్థాన్ని బట్టి కొన్ని నెలల్లోనో కొన్నేళ్ళలోనో గొట్టం కరిగిపోతుంది. బీర పాదు అల్లుకునేదాకా పందిరి కావాలి కదా, ఇదీ అంతే.

అయితే దీనికి హద్దులున్నాయి. సుమారు మూడు సెంటీమీటర్ల లోపు ఎడానికే ఇప్పటి గొట్టాలు వాడతారు. వేళ్ళకు వెళ్ళే సన్నని స్పర్శ నరాల్లో ఫలితం బాగుంటుంది. పెద్ద నరానికి, పెద్ద ఎడానికి సొంత నరం అతుకే ఇప్పటికీ మేలు. ఏడాది, ఏడాదిన్నర దాటితే నరం లేని కండరం కృశించిపోతుంది, అప్పుడు పోగు చేరినా కదలిక రాదు.

ఇక కుష్ఠు, షుగరు సంగతి. వీటిలో నరం ఒకచోట తెగలేదు. కుష్ఠులో పొడవునా వాచి మచ్చకట్టి ఉంటుంది. షుగరులో కాలి కొసల నుంచి వేల పోగులు మెల్లగా ఎండుతూ వస్తాయి. వంతెన వెయ్యడానికి ఇక్కడ ఏరు ఒకచోట లేదు, ఊరంతా మునిగి ఉంది. కాబట్టి షుగరుతో మొద్దుబారిన పాదానికి గొట్టం పెట్టిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి. అలాంటి పాదానికి కావలసింది పాల్ బ్రాండ్ కనిపెట్టిన వైద్యమే.

నొప్పికి బదులు

నరం తిరిగి రానప్పుడు నొప్పి చేసే పనిని ఇంకొకటి చెయ్యాలి. బ్రాండ్ మిగతా జీవితమంతా దీనికే పోయింది. అరికాలి పుండు మానకపోవడానికి కారణం దాని మీదే నడవడమని గమనించి, కాలికి అచ్చంగా అతుక్కునేలా పిండికట్టు వేసి బరువును పాదమంతా పంచారు. ఏళ్ళ తరబడి మానని పుళ్ళు వారాల్లో మానాయి. తర్వాత చెప్పుల మీద పడ్డారు. ఎన్నో పదార్థాలు పరీక్షించి, మెత్తగా ఉండి అణిగిపోని మైక్రోసెల్యులర్ రబ్బరుతో చెప్పులు చేయించారు. వేలూరుకు దగ్గరలోని కరిగిరి కుష్ఠు పరిశోధన కేంద్రం ఈ పనికి నిలయమైంది. ఈరోజు మా దగ్గర కుష్ఠు రోగులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఎంసీఆర్ చెప్పులు ఆ రబ్బరువే.

1960లో ఆయనకు లాస్కర్ అవార్డు వచ్చింది. 1966లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడ షుగరు రోగుల పాదాలు చూసి, ఇవి తాను వేలూరులో చూసిన పాదాలేనని గుర్తుపట్టారు. రోగం వేరు, నరం పోవడం ఒకటే. చెంగల్పట్టు, వేలూరు, కరిగిరి పేదల మీద నేర్చుకున్న వైద్యం అక్కడినుంచి షుగరు పాదాలకు అందింది. ఇప్పుడు పెద్ద నగరాల్లో డయాబెటిక్ ఫుట్ క్లినిక్కుల్లో చేసే కట్లకూ ప్రత్యేకమైన చెప్పులకూ మూలం అదే.

కార్‌విల్‌లో ఇంకో ప్రయత్నం చేశారు. నరానికి బదులు యంత్రం పెడితే? ఒత్తిడి పెరిగితే కూత పెట్టే తొడుగులు ఇంజనీర్లతో చేయించారు. కూత వినిపించినా రోగులు పని ఆపలేదు. చురుక్కుమనేలా కరెంటు పెడితే, పని అడ్డమవుతోందని దాన్ని ఆపేసి పని కానిచ్చారు. చివరికి ఆ ప్రయత్నం మానుకున్నారు. నొప్పి మన చేతిలో లేదు కాబట్టే అది మనల్ని కాపాడుతోందని ఆయనకు అర్థమైంది. 1993లో ఫిలిప్ యాన్సీ అనే రచయితతో కలిసి నొప్పి గురించే ఒక పుస్తకం రాశారు. అందరూ వద్దనుకునే నొప్పిని ఆయన వరం అన్నారు.

తల్లి ఎవలిన్ ముసలితనంలోనూ కొండలు వదలలేదు. మిషన్ వద్దన్నా ఊరూరా తిరిగి మందులిస్తూ 1974లో తొంభై అయిదో ఏట చనిపోయారు. పాల్ బ్రాండ్ 2003 జులై 8న అమెరికాలోని సియాటిల్‌లో కన్నుమూశారు. ఎనభై తొమ్మిది నిండడానికి తొమ్మిది రోజులు తక్కువ.

మీ ఇంట్లో మీరు చెయ్యగలిగింది

చెయ్యి లోతుగా తెగితే శుభ్రమైన గుడ్డతో అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకోండి. కాఫీ పొడి, సున్నం పెట్టకండి. రక్తం ఆగాక వేలి కొసల మీద దూది తాకించి చూడండి. తెలియకపోయినా, వేలు వంగకపోయినా నరమో టెండనో తెగి ఉండవచ్చు. పైన చర్మం కుట్టించుకుని ఊరుకోకుండా, తొలి రోజుల్లోనే శ్రీకాకుళమో విశాఖో, మీకు దగ్గరున్న పెద్దాసుపత్రిలో సర్జన్‌కు చూపించండి. ఆలస్యమైన కొద్దీ కొసలు ముడుచుకుని ఎడం పెరుగుతుంది.

చర్మం మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే దాచుకోకండి. కుష్ఠుకు మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా ఏడాది వాడాలి. మందు మొదలుపెట్టాక రోగి నుంచి ఇతరులకు సోకే ప్రమాదం త్వరలోనే పోతుంది. మోచెయ్యి దగ్గర నరం నొప్పి పెట్టినా, చిటికెన వేలు బలం తగ్గినా, కొత్తగా తిమ్మిరి మొదలైనా వెంటనే రండి. ఆరు నెలల లోపు అయితే స్టిరాయిడ్ మాత్రలతో నరాన్ని కాపాడే అవకాశం ఎక్కువ. బ్రాండ్ కాలంలో ఇలా కాపాడుకునే వీలు చాలామందికి లేదు. మీకుంది.

షుగరు ఉన్నవారు రోజూ రాత్రి పడుకునే ముందు పాదాలు చూసుకోండి. అరికాలు కనిపించకపోతే అద్దం పెట్టుకోండి, కంటి చూపు తగ్గితే ఇంట్లో పిల్లల చేత చూపించుకోండి. వేళ్ళ సందులు, మడమలు, ఆనెకాయలు చూడాలి. చెప్పులు వేసుకునే ముందు లోపల చేత్తో తడమండి. వేడినీళ్ళు కాలితో కాదు, మోచేత్తో చూడండి, ఆ చోట స్పర్శ బాగుంటేనే. నెగడుకు, హీటరుకు దూరంగా ఉండండి. గుడిలో ఎండకు కాలిన బండల మీద నడవాల్సి వస్తే మేజోళ్ళు వేసుకోండి. ఏడాదికోసారి డాక్టరు చేత స్పర్శ పరీక్ష చేయించుకోండి. ఎర్రబడినా, బొబ్బ వచ్చినా, నొప్పి లేదు కదా అని ఆగకండి. నొప్పి లేకపోవడమే అక్కడ ప్రమాద సూచన.

ముందు చెప్పిన నెగడు బొబ్బలవాళ్ళకు మేము కట్టు కట్టి, చెప్పులు ఇచ్చి, ఇంట్లో ఒకరిని పిలిచి చెబుతాం. రోజూ సాయంత్రం ఈ పాదం మీరు చూడాలి, ఈయనకు తెలియదు అని. గొట్టాల సైన్సు ఇంకా పెరుగుతుంది, పెరగాలి. అప్పటిదాకా నరం పోయిన పాదానికి ఇంట్లోవాళ్ళ కళ్ళే నరాలు. ఈ రాత్రి భోజనాలయ్యాక మీ అమ్మ పాదాలు, మీ నాన్న పాదాలు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి.